నలభై చుట్లు

1958 నవంబరు 9, ఆదివారం

వారం రోజుల ముసురు ఇవాళ వదిలింది. ఉప్పు కయ్యలన్నీ నీళ్ళతో నిండిపోయాయి. జనవరి దాకా ఉప్పు పండించే కొటారులో గుమాస్తాకు పెద్ద పని ఉండదు.

ముందు గదిలో పడమటి మూల ఇల్లు కురిసింది. గ్రామఫోను పెట్టె ఉండేది ఆ మూలే. మూత మీద నీళ్ళు నిలిచాయి. తుడిచి, గంటసేపు ఎండలో పెట్టాను. ఏమీ కాలేదు. పాడుతోంది.

మద్రాసు నుంచి ఆనందబాబు గారు మూడు ప్లేట్లు పంపారు. ఆయన పత్రికలో నా శీర్షిక మొదలై ఈ నెలకు నాలుగేళ్ళు. "నిక్కచ్చి" అన్న పేరుతో ప్లేట్లకు మార్కులు వేసేది కృష్ణపట్నం ఉప్పు కొటారు గుమాస్తా మస్తానయ్య అని ఆయనకూ, మా ఆవిడ కామాక్షమ్మకూ తప్ప ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే మంచిది. తెలిస్తే పాడేవాళ్ళు ఎండుచేపలు పట్టుకుని ఇంటికొస్తారు.

పద్ధతి మాత్రం నాలుగేళ్ళుగా మారలేదు. ఆదివారం ఉదయం, కిటికీలు మూసి, ఒక్కో వైపుకు కొత్త ముల్లు, నలభై చుట్లు కీ. ముప్పై తొమ్మిది కాదు, నలభై ఒకటి కాదు. మా గురువు గారి పెట్టెకు ఎవడో శిష్యుడు కీ ఎక్కువ తిప్పి స్ప్రింగు తెంపాడు. అప్పటినుంచి ఆయన నలభై అన్నారు, నేనూ నలభై అంటున్నాను. ప్రతి వైపూ మూడుసార్లు వింటాను. మొదటిసారి పాట కోసం, రెండోసారి శ్రుతిపెట్టె పక్కన పెట్టుకుని, మూడోసారి తప్పుల కోసం.

ఏడేళ్ళు ఆయన దగ్గర నేర్చుకున్నాక ఒకరోజు గురువు గారు, "నీకు గొంతు లేదురా, చెవి ఉండాది" అన్నారు. ఆ రోజు ఏడ్చాను. ఇప్పుడు ఆ మాట మీదే బతుకుతున్నాను.

నవంబరు 16, ఆదివారం

గాత్రం. మద్రాసులో పెద్ద పేరున్న ఆయన. పల్లవిలో శ్రుతి నిలబడింది. చివరకు వచ్చేసరికి జారింది. రెండో వైపూ అంతే. మూడుసార్లు విన్నాను, మూడుసార్లూ అదే చోట. వయసు మీద పడిందని రాశాను. పదికి అయిదు.

కామాక్షమ్మ వంటింట్లోంచి, "ఏందయ్యా, ఆయన పాడతా పాడతా నిద్దరపోతన్నాడు?" అంది. సంగీతం తెలియనివాళ్ళకు కూడా పట్టుబడేంత జారుడు.

నవంబరు 23

ఇంకొకాయన. చివర్లో జారాడు. ఈయనకు వయసు సాకు కూడా లేదు, ముప్పై రెండేళ్ళు. పదికి అయిదు.

డిసెంబరు 7, ఆదివారం

ఆనందబాబు గారికి కొత్త ఆలోచన వచ్చింది. ఇకమీదట వాద్యబృందాల ప్లేట్లకు కూడా మార్కులు వెయ్యాలట. రెండు పంపారు. ఒకటి మనవాళ్ళది, వీణలూ వయోలిన్లూ వేణువులూ ఘటమూ కలిపి పద్దెనిమిది మంది. రెండోది దొరలది. దాని మీద పేరు చదివాను గాని నోరు తిరగలేదు. "మీ చెవికి అదైనా ఇదైనా ఒకటే" అని రాశారు. నిజమే, కాని ఆ మాట ఆయన అనాలి, నేను అనకూడదు.

దొరల ప్లేటు మొదట అర్థం కాలేదు. ముందు ఒకడే ఏదో ఊదుతాడు. తర్వాత అందరూ అందుకుంటారు. ఇల్లంతా నిండిపోయింది. చివర్లో వీళ్ళూ దిగారు, కాని ఎట్లా దిగారు! అరవై మంది ఉంటారు. ఒక్కడు వెనక పడలేదు, ఒక్కడు ముందు పడలేదు. అందరూ చేతులు పట్టుకుని మెట్టు దిగినట్టు దిగారు. అది వాళ్ళ సంప్రదాయమేమో. మనవాళ్ళూ అంతే సమానంగా దిగారు. పద్దెనిమిది మందిని అంత క్రమశిక్షణలో ఉంచిన నాయకుణ్ణి మెచ్చుకుంటూ రాశాను. దొరలకు ఎనిమిది, మనవాళ్ళకు ఏడు.

రొయ్యలు తెచ్చిన మునెయ్య గడప దగ్గర నిలబడి ఆఖరిదాకా విన్నాడు. "ఎంతమందుండారు సామీ పెట్టెలో?" అన్నాడు.

"అరవై మంది."

"అందరికీ ఒకేసారి అలుపొచ్చినట్టుండాదే!"

రొయ్యలు తీసుకుని పంపించేశాను.

డిసెంబరు 21, ఆదివారం

నిన్న వచ్చిన పార్సిల్లో వెంకటశేషమ్మ ప్లేటు ఉంది.

మా గురువు గారి ఒక్కగానొక్క కూతురు. నాయుడుపేటలో ఆడపిల్లలకు పాట చెప్పుకుంటూ ఉంది. నాకన్నా అయిదేళ్ళు చిన్న, అంటే నలభై మూడు. ఇదే మొదటి ప్లేటు. రెండు వైపులా కలిపి గురువు గారు కట్టిన తోడి కృతి. ఒక వైపు పల్లవి, అనుపల్లవి. రెండో వైపు చరణం. వయోలిన్ నెల్లూరు ముత్యాలయ్య అని రాసి ఉంది. నాకు పరిచయం లేదు.

గురువు గారు ముప్పై కృతుల దాకా కట్టారు. ఒక్కటీ కాగితం మీద పెట్టలేదు. నేను నేర్చుకున్నవాటిలో సగం మరిచిపోయాను. ఆమెకు అన్నీ వచ్చు. ఈ ప్లేటుకు మంచి మాట దక్కితే ఇంకో నాలుగు కృతులు పట్టిస్తామని గ్రామఫోను కంపెనీ వాళ్ళు అన్నారట. ఆనందబాబు గారే రాశారు. "వాళ్ళు మీ మాట కోసం చూస్తున్నారు. ఈమె మీకు తెలుసా? మీ జిల్లానే గదా" అని అడిగారు.

తెలియదని జవాబు రాశాను. తెలుసంటే ప్లేటు ఇంకొకరికి పంపేస్తారు. ఆమె పాటను ఇంకొకడి చేతిలో పెట్టడం నాకిష్టం లేదు.

ఇవాళ వినలేదు. కొటారు కాగితాలు ఉన్నాయి.

డిసెంబరు 28, ఆదివారం

విన్నాను.

పల్లవి ఎత్తుకోగానే నెల్లూరులో ఆ మిద్దె గది, ఆ ఈతచాప, గోడకు ఆనించిన తంబురా అన్నీ కళ్ళ ముందుకొచ్చాయి. గొంతు కాస్త బరువెక్కింది గాని అదే గొంతు. శ్రుతిపెట్టెతో చూస్తే శ్రుతి అయిదు. ఎంత సంతోషం కలిగిందో రాయలేను.

అనుపల్లవి చివరకు నాలుగున్నర, అంటే అరమెట్టు కిందికి.

నమ్మబుద్ధి కాలేదు. మళ్ళీ పెట్టాను. మూడుసార్లు కాదు, ఆరుసార్లు విన్నాను. ప్రతిసారీ కొత్త ముల్లు, ప్రతిసారీ నలభై చుట్లు. చరణం వైపూ అంతే. అయిదులో మొదలై నాలుగున్నరలో ఆగుతుంది. ముత్యాలయ్య వయోలిన్ కూడా ఆమెతో పాటే దిగింది. ఆమె పరువు పోకుండా తానూ దిగాడు. పక్కవాద్యం మర్యాద అంటే అది. ఆ మాట పత్రికకూ రాశాను.

కామాక్షమ్మ గుమ్మంలోకి వచ్చి, "ఆయమ్మ కూడా నిద్దరపోయిందా?" అంది.

 తెలిసిన మనిషని వదిలేస్తే నేను నిక్కచ్చి ఎట్లా అవుతాను? మొన్న ముప్పై రెండేళ్ళవాడికి అయిదు వేసిన చేత్తో ఈమెకు ఎనిమిది వెయ్యనా? ఆమె గురించి రాసింది ఇది: "గొంతులో మాధుర్యం ఉంది. కాని గాయని ఊపిరిని పల్లవిలోనే ఖర్చుపెట్టేసింది. శ్రుతి జారుతున్న సంగతి ఆమెకు తెలియకపోవడం విచారకరం. ప్లేటు పట్టించే వయసు దాటిపోయింది." పదికి నాలుగు.

రాస్తుంటే బాధగానే ఉంది. చివరి వాక్యం లేకపోయినా సరిపోయేది. చదువుకుంటే బాగుందని ఉంచాను.

డిసెంబరు 29

తపాలాలో వేశాను.

1959 జనవరి 25, ఆదివారం

పత్రిక వచ్చింది. ఈసారి నా శీర్షికకు రెండు పేజీలు ఇచ్చారు. "ఈ తరం గొంతులకు ఊపిరి తగ్గిందా?" అని నేను విడిగా రాసిన వ్యాసం కూడా వేశారు. నవంబరు నుంచి విన్న గాయకులందరూ చివర్లో జారినవాళ్ళే. ఇది ఒకరి తప్పు కాదు, కాలం తప్పు, సాధన తప్పు. ఇంతమందిలో ఉన్న ఒకే జబ్బును పట్టుకున్నది నేనొక్కణ్ణే. ఆనందబాబు గారు ఎంతో మెచ్చుకున్నారు.

వెంకటశేషమ్మకు మస్తానయ్యగా ఒక కార్డు రాశాను. ప్లేటు వచ్చిందని తెలిసి సంతోషించానని, గురువు గారు ఉంటే ఎంత మురిసిపోయేవారో అని. పత్రిక సంగతి ఎత్తలేదు. నిక్కచ్చి ఎవరో ఆమెకు తెలియదు గదా.

ఫిబ్రవరి 8

కయ్యల్లోకి నీళ్ళు పెట్టారు. ఉప్పు తేలడం మొదలైంది. వెంకటశేషమ్మ జవాబు రాయలేదు. పిల్లలకు పాఠాలుంటాయి.

ఫిబ్రవరి 22

జవాబు లేదు. రాయకపోతే పోనీ. నేను చేసిన తప్పేముంది?

మార్చి 5, గురువారం

పత్రిక ఆఫీసు నుంచి ఒక కార్డు తిప్పి పంపారు. మీద "నిక్కచ్చి గారికి" అని ఉంది. ఇక్కడ ఎత్తి రాస్తున్నాను.

"అయ్యా, నేను వయోలిన్ వాయించిన ముత్యాలయ్యను. ఆమె జారితే మర్యాదకు నేనూ దిగినానని రాసినారు. నా చేతిలో ఉండేది వయోలిన్ గాబట్టి, దిగాలంటే దిగగలను. మరి మృదంగం ఎట్లా దిగిందో చెప్పండి. వాయిస్తా వాయిస్తా ఆయన వార్లు వదులు చేసుకున్నాడా? మూడుసార్లు వింటామని రాసుకుంటారు గదా. నాలుగోసారి మృదంగం ఒక్కటే వినండి. మీరు రాసిన కాణ్ణించి ఆమె నోరు తెరవడం లేదు. మీరు నాలుగు మార్కులేసినా ప్లేటు బాగానే పోతా ఉండాది. మిగతా కృతులకు రమ్మని కంపెనీ వాళ్ళు రాసినారు. ఏప్రిల్ పదిహేను లోపల జవాబు కావాలన్నారు. నా గొంతు పోయింది, నేను రాను అంటన్నాది ఆయమ్మ."

ఎంత పొగరు! వయోలిన్ వాయించేవాడు నాకు వినడం నేర్పుతాడా? కార్డు చింపేద్దామనుకున్నాను. చింపలేదు.

మార్చి 6, శుక్రవారం

ఆదివారం దాకా ఆగలేకపోయాను. ఆఫీసుకు వెళ్ళకుండా ఉదయమే పెట్టె తెరిచాను. నాలుగేళ్ళలో మొదటిసారి ఆదివారం పద్ధతి తప్పాను.

పాట వినలేదు, వయోలిన్ వినలేదు. మృదంగం ఒక్కటే విన్నాను.

మృదంగం దిగింది.

 తర్వాత కాగితం ముక్క ఒకటి ప్లేటు అంచు దగ్గర అంటించి, కామాక్షమ్మను గడియారం పట్టుకుని ఎదురుగా కూర్చోమన్నాను. ఆమె నిమిషం కాగానే "అయింది" అనాలి, నేను కాగితం ఎన్నిసార్లు తిరిగిందో లెక్కపెట్టాలి. మొదటి నిమిషం డెబ్బై ఎనిమిది. ప్లేటు తిరగాల్సిన సరైన లెక్క అదే. రెండో నిమిషం డెబ్బై ఆరు. మూడో నిమిషం డెబ్బై మూడు. ప్లేటు నెమ్మదిస్తే శ్రుతీ దిగుతుంది.

"ఇంకోసారి" అన్నాను. మళ్ళీ అదే.

"ఇంకా కొంచెం ఎక్కువ తిప్పరాదా కీ?" అంది. యాభై తిప్పాను. లోపల ఏదో టక్కుమని జారింది, కీ చేతిలో వదులుగా తిరిగింది. మా పెట్టెకు స్ప్రింగులు రెండు. ఒకటి ఎప్పుడో తెగిపోయి ఉంది. మిగిలినది ఒక్కటే ఇన్నాళ్ళూ లాగుతోంది, చివరకు వచ్చేసరికి దానికి చేతకావడం లేదు.

"నిద్దరపోతన్నారని నేను చెప్పలా?" అంది కామాక్షమ్మ. ఎగతాళికి కాదు. నిజంగానే గుర్తుచేసింది.

మార్చి 7

కయ్యల్లో ఉప్పు బాగా తేలింది.

మార్చి 10, మంగళవారం

ముసురు తర్వాత నేను మార్కులు వేసిన ప్లేట్లు పదకొండు. అన్నింటినీ జారాయనే రాశాను, ఆ అరవై మంది దొరలనూ, మన పద్దెనిమిది మందినీ తప్ప. వాళ్ళను క్రమశిక్షణ అని మెచ్చుకున్నాను. అది తలుచుకుంటే ఒంటరిగా ఉన్నా ముఖం దాచుకోవాలనిపిస్తోంది.

అయినా నేను అబద్ధం రాయలేదు. విన్నదే రాశాను. పెట్టె లోపల తెగిన స్ప్రింగుకు నేనెట్లా బాధ్యుణ్ణి? పత్రికకు రాయకుండా పెట్టె బాగుచేయించుకుని, వచ్చే నెల నుంచి మామూలుగా మార్కులు వేస్తే ఎవరికి తెలుస్తుంది? ముత్యాలయ్యకు తెలుసు. ఒక్కడే. అతని మాట ఎవరు వింటారు?

ఇదే సంగతి కామాక్షమ్మతో అన్నాను. "విన్నదే రాశాను" అన్నాను.

"విన్నది రాసినావు సరే. ఆయమ్మ పాడింది రాయలా గదా" అంది. చేటలో బియ్యం ఏరుకుంటూ, తల ఎత్తకుండా అంది.

ఏప్రిల్ పదిహేనుకు ఇంకా అయిదు వారాలు. ఆమె వెళ్ళకపోతే ఆ ముప్పై కృతులూ ఆమెతోనే పోతాయి. గురువు గారి చేతి రాత లేదు, నా నోట అవి రావు. నేను రాసిన నాలుగు వాక్యాలకు ఆయన పాట పోతుంది. ఇది రాసుకోకుండా ఇన్ని రోజులు తప్పించుకున్నాను. రాశాను.

మార్చి 14, శనివారం

సెలవు పెట్టి పెట్టెను బండిలో వేసుకుని ముత్తుకూరు, అక్కణ్ణుంచి బస్సులో నెల్లూరు. పెద్ద బజారు వెనక హజరత్తయ్య అని గడియారాలు బాగుచేసే ఆయన ఉన్నాడు, గ్రామఫోన్లు కూడా చూస్తాడు. పెట్టె విప్పి నన్ను దగ్గరకు పిలిచి చూపించాడు. లోపల ఎర్రటి పొడి.

"ఏడ సార్ మీ ఊరు?"

"కృష్ణపట్నం. ఉప్పు కొటారు."

"అదీ సంగతి. ఉప్పుగాలి తినేసింది. నీళ్ళు గూడా పడినట్టుండాయే?"

"కొంచెం. తుడిచాను."

"బయట తుడిస్తే లోపల ఆరతాదా సార్?" అని నవ్వాడు.

పాత పెట్టె నుంచి తీసిన స్ప్రింగు వేశాడు, తుప్పు గీకి గ్రీజు పెట్టాడు, స్పీడు మర తిప్పి చూసుకున్నాడు. సాయంత్రం అయింది. వెంట తీసుకెళ్ళిన వెంకటశేషమ్మ ప్లేటు అక్కడే, బజారు గోలలోనే పెట్టించాను. ఎంత గొంతు! చివరిదాకా ఒక్క వెంట్రుకవాసి జారలేదు. జారకపోవడమే కాదు, మిలమిలా మెరిసింది. పద్దెనిమిదేళ్ళ పిల్ల పాడినట్టే ఉంది, మిద్దె గదిలో విన్న గొంతే. నాకు కళ్ళనీళ్ళు తిరిగాయి. హజరత్తయ్య అటు తిరిగి ఎవరిదో గడియారం అందుకున్నాడు.

కాగితం అంటించి లెక్కపెట్టలేదు. ఇంత బాగా వినబడుతుంటే లెక్కెందుకు?

మార్చి 15, ఆదివారం

ఆనందబాబు గారికి దిద్దుబాటు రాశాను. మూడుసార్లు చింపి నాలుగోసారి రాశాను. పెట్టె చెడిపోయిందని, పదకొండు ప్లేట్ల మీద నేను రాసినవి చెల్లవని, ఊపిరి తగ్గింది ఈ తరానికి కాదు నా స్ప్రింగుకని రాశాను. వెంకటశేషమ్మ నాకు తెలుసని, తెలియదని అబద్ధం ఆడానని కూడా రాశాను. ఆమె ప్లేటుకు పదికి తొమ్మిది.

శీర్షిక పోతుందేమోనని భయంగా ఉంది. చాలా భయంగా ఉంది. కొటారులో నన్ను ఎవరైనా గుమాస్తా అనే పిలుస్తారు. ఆ రెండు పేజీల్లోనే నేను నేను.

మార్చి 22, ఆదివారం

నిన్న నెల్లూరులో పడుకుని, పొద్దున రైల్లో నాయుడుపేట వెళ్ళాను. పెట్టెను ఒళ్ళోనే పెట్టుకున్నాను. దిగేసరికి తొడలు మొద్దుబారిపోయాయి.

వెంకటశేషమ్మ ఇంట్లో ఆరుగురు ఆడపిల్లలు చాప మీద కూర్చుని వరుసలు పాడుతున్నారు. ఆమె హార్మోనియం మెట్లు నొక్కుతోంది గాని నోరు కదపడం లేదు. గురువు గారు ఇంట్లోకి హార్మోనియం రానిచ్చేవారు కాదు. పిల్లలు తప్పు పాడితే ఆ మెట్టే మళ్ళీ నొక్కి వేలితో చూపిస్తోంది. చూడలేకపోయాను.

పిల్లల్ని పంపేసి, "రా మస్తానన్నా" అంది. మజ్జిగ ఇచ్చింది. కార్డుకు జవాబు రాయలేదేమని నేను అడగలేదు, ఆమె చెప్పలేదు.

"నీ ప్లేటు తెచ్చినా" అన్నాను.

"నేనింకా వినలా. ఈ ఊళ్ళో పెట్టె ఉండేది రైసుమిల్లు వాళ్ళింట్లో. నా పాట నాకు వినిపించండయ్యా అని పోయి అడగతానా?"

"వినకుండానే గొంతు పోయిందని ఎట్లా నమ్మినావమ్మా? పత్రికలో ఎవడో రాస్తే..."

"ఎవడో అయితే నమ్మేదాన్ని కాదు. రాసింది నువ్వు గదా."

గ్లాసు కింద పెట్టేశాను.

"ఊపిరిని పల్లవిలోనే ఖర్చుపెట్టేసింది అని రాసినావు. పల్లవిలో ఊపిరి ఖర్చుపెట్టమాక అని మా నాయన మనిద్దరికే చెప్పినాడు. ఇంకెవురికి తెలుసు ఆ మాట? నీకు చెవి ఉండాదని ఆయనే అన్నాడు. నా ఎదుట్నే అన్నాడు. ఇంక నమ్మక ఏం జెయ్యను? పొద్దున్నే శ్రుతి పెట్టుకుని పాడి చూసుకునేదాన్ని. నాకూ జారినట్టే వినబడింది. మానేసినా."

అంతా చెప్పాను. ముసురు, తెగిన స్ప్రింగు, కాగితం ముక్క, డెబ్బై మూడు. తెలియదని ఆనందబాబు గారికి రాసిన అబద్ధం కూడా చెప్పాను. ఆమె గ్లాసు తీసి పక్కన పెట్టింది. తిట్టి ఉంటే బాగుండేది. "పెట్టు, విందాం" అంది.

నలభై చుట్లు తిప్పి, కొత్త ముల్లు వేసి పెట్టాను. మొదటి వరుసకే ఆమె కనుబొమ్మలు ముడిపడ్డాయి. తన గొంతు తాను మొదటిసారి వింటే ఎవరికైనా అంతే అనుకున్నాను. రెండు వైపులూ విని, మళ్ళీ పెట్టమంది. మళ్ళీ పెట్టాను. కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడ్చిందనుకున్నాను. ఉక్కగా కూడా ఉంది.

"జారలేదు గదా?" అన్నాను.

"జారలా."

"మరి కంపెనీకి రాసేయి. ఈ రోజే రాయి. నేను తపాలాలో వేసిపోతా."

ఆమె పెట్టె మూత మీద చెయ్యి వేసింది. "అన్నా, జారిందని నువ్వంటే నమ్మినా. ఇప్పుడు జారలేదంటన్నావు, మళ్ళా నమ్మమంటన్నావు. రెండు నెల్లు నా గొంతును దొంగను చూసినట్టు చూసుకున్నా. ఇంక నువ్వు చెప్పింది నాకొద్దు. ఈ పెట్టె ఈడ పెట్టిపో."

"ఎన్నాళ్ళు?"

"నాకు వినబడే దాకా."

పెట్టె లేకపోతే నాకు శీర్షిక లేదు. ఆ మాట నోటిదాకా వచ్చింది. మింగేశాను. ముళ్ళ డబ్బా కూడా ఇచ్చి, గుమ్మం దిగుతూ, "కీ నలభై చుట్లేనమ్మా" అన్నాను.

"తెలుసు. అది గూడా మా నాయన మాటే" అంది.

ఏప్రిల్ 5, ఆదివారం

పత్రిక వచ్చింది. దిద్దుబాటు ఆఖరి పేజీలో, తలనొప్పి మందు ప్రకటన కింద వేశారు. చిన్న అక్షరాలు. అయినా పూర్తిగా వేశారు. ఆనందబాబు గారి ఉత్తరం విడిగా వచ్చింది. కోపం లేదు, అదే ఎక్కువ బాధగా ఉంది. "కొన్నాళ్ళు శీర్షిక ఆపుదాం. మీ దగ్గరున్న నాలుగు ప్లేట్లు తిప్పి పంపండి" అన్నారు.

పురికొస కట్టి సిద్ధం చేశాను.

పొద్దున అలవాటుగా కిటికీలు మూశాను. తర్వాత ఎందుకు మూశానా అనిపించి తెరిచాను. పడమటి మూల ఖాళీగా ఉంది. కామాక్షమ్మ అక్కడ ఉప్పు జాడీ పెట్టింది.

ఏప్రిల్ 9

నాయుడుపేట నుంచి ఏమీ లేదు. ఇంకా ఆరు రోజులు.

ఏప్రిల్ 12, ఆదివారం

నిన్న సాయంత్రం తపాలా జవాను తెచ్చిన కార్డు ఇది. గూట్లో పెట్టిపోయాడు, ఇవాళ చూశాను.

"మస్తానన్నకు. ఇరవయ్యో తేదీ వస్తానని కంపెనీకి రాసినా. ముత్యాలయ్య గూడా వస్తన్నాడు. నువ్వు పోయినాక పది రోజులు విన్నా. మొదట అది నా గొంతనిపించలా. ఎవరో పద్దెనిమిదేళ్ళ పిల్ల పాడినట్టుండింది. సంతోషం రాలా, అనుమానమొచ్చింది. మా నాయన తంబురా శ్రుతి చేసి పక్కన పెట్టుకుంటే అప్పుడు తెలిసింది. నేను పాడింది అయిదు. నీ పెట్టె అయిదున్నర పాడతా ఉండాది. బాగుచేసినాయన స్పీడు ఎక్కువ పెట్టినాడు. పక్కనుండే మర నేనే తిప్పి తంబురాకు సరిచేసినా. ఇప్పుడది నా గొంతే, నలభై మూడేళ్ళది. జారలా. హార్మోనియం అటక మీద పెట్టేసినా. చరణంలో రెండోసారి వచ్చేటప్పుడు గాంధారం ఒక చోట తగ్గింది. అది పెట్టె తప్పు కాదు, నాదే. నువ్వు రాయలేదు. మద్రాసు నుంచి వచ్చినాక పెట్టె పంపిస్తా."

మూడుసార్లు చదివాను.

బజారు గోలలో నిలబడి మెరిసిందన్నాను, పద్దెనిమిదేళ్ళన్నాను, ఏడ్చాను కూడా. లెక్కపెట్టలేదు. చెడిన పెట్టె మీద ఆరుసార్లు, బాగైన పెట్టె మీద మూడుసార్లు విన్నాను. గాంధారం తగ్గిన సంగతి ఒక్కసారీ పట్టుకోలేదు. తోడికి ప్రాణమైన గాంధారం! గురువు గారు ఉంటే చెవి పట్టుకునేవారు.

ఆమె ఇరవయ్యో తేదీ వెళుతోంది. కార్డు కామాక్షమ్మకు చదివి వినిపించాను. "ఆయమ్మ మేలుకుంది" అంది.

అచ్చులో ఆమె ప్లేటుకు తొమ్మిది అని పడిపోయింది. ఆ గాంధారానికి తగ్గిస్తే ఎనిమిదా, ఎనిమిదిన్నరా? నాయుడుపేటకు రాసి ఆమెనే అడగాలి.